తొంభై అద్దాల పగటి వెన్నెల

కళ్లకు కట్టిన గంతలు విప్పగానే సూరాంబకు మొట్టమొదట కనబడింది తన తండ్రి చేతిపని.

కోట తూర్పు గోడ పొడుగునా, ఒకే ఒక పొడవాటి దూలం మీద, నల్లగుడ్డ ముసుగుల కింద తొంభై కంచు అద్దాలు వరసగా నిలబడి ఉన్నాయి. గాలికి ఒక ముసుగు అంచు లేచింది. ఆమెకు అంతే చాలు. అద్దం చట్రం మీద మూడు చిన్న గీతలు, వాటిలో నడిమిది కొంచెం పొడుగు. కుందవరం కంచరి బొమ్మనాచారి తప్ప అలా గీసే మనిషి ఏడు రాజ్యాల్లో లేడు. ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు. మూడేళ్ల కిందట ఈ కోటలోనే ఆయన్ని చంపేశారు.

"ఏంట్రా ఆ చూపు? ముందు పని చూడు!" అని వెనకనున్న భటుడు ఈటె మొదలుతో వీపున పొడిచాడు.

"చిత్తం దొరా. చిలుము ఎంత పట్టిందో అని చూస్తన్నా" అంది సూరాంబ, గొంతు లావు చేసుకుని.

'రా' అన్నాడంటే వేషం కుదిరిందన్నమాటే. తలపాగా, ఎగగట్టిన పంచె, ముక్కు కింద కాటుకతో దిద్దిన నూనూగు మీసం, దాని మీద ఇంత బూడిద. తొమ్మిది రోజుల పాటు ఆమె సూరాంబ కాదు, మెరుగు పనివాడు సూరన్న. కోటలో కంచు సామానుకు మెరుగు పెట్టే మనిషి కావాలని చాటింపు వేయిస్తే ఏడు రాజ్యాల కంచరులూ కొలుములు ఆర్పేసి అడవులు పట్టారు. ఈ కొండ ఎక్కిన పనివాడు మళ్లీ దిగడని వాళ్లకు తెలుసు. తగుదునమ్మా అని ఎదురొచ్చింది ఒక్క సూరన్నే.

ఆ కోట పేరు శీతగిరి. దాని సొగసు చెప్పాలంటే నాలుగు నోళ్లు కావాలి. నేల అంతా పాలరాయి, గోడలు గుల్లసున్నం పూసి నున్నగా రుద్దినవి, గోపురాల మీద వెండి రేకులు. వాకిట ఇద్దరు ద్వారపాలకులకు బదులు రెండు తెల్ల ఏనుగులు. మంటపం చుట్టూ నీటి కాలువలు, వాటిలో తెల్ల కలువలు, వాటి మీద తెల్ల హంసలు. ఎటు చూసినా తెలుపే. ఇంత తెల్లటి ఇంట్లో ఉన్న మనిషి గుండె మాత్రం మాడిన మూకుడు అడుగులా ఉండేది.

ఆ మనిషి శశిమర్దనుడు. పన్నెండేళ్లు తలకిందులుగా తపస్సు చేసి చంద్రుడి ఒంట్లోని వేడినంతా పీల్చేశానని చెప్పుకునే మాంత్రికుడు. "నమ్మకపోతే పున్నమినాడు ఆరుబయట నిలబడి చూసుకోండి. అంత వెలుగుందే, ఒంటికి పిసరంత వెచ్చదనం తగిలిందా? ఆ వేడి ఏమైందనుకున్నారు? నా చేతిలో ఉంది! తలుచుకుంటే మీ రాజ్యాల మీద కుమ్మరిస్తాను!" అని అతడు సవాలు చేసిన రోజున ఏడుగురు రాజులూ మేడలెక్కి వెన్నెట్లో చేతులు చాపి చూసుకున్నారు. చల్లగానే తగిలింది. గుండెల్లో రాయి పడింది. అంతకుముందు మాత్రం వెన్నెల వెచ్చగా ఎప్పుడు తగిలిందని ఏడుగురిలో ఒక్కడికీ అడగాలని తోచలేదు. మహారాజులు కదా, వాళ్లకు తోచేవి వేరు.

అప్పటినుంచి ఏటా మాఘ శుద్ధ అష్టమి నాడు, ఇంకా పొద్దుండగానే, ఆకాశంలో తెల్లగా సగం చంద్రుడు కనబడే వేళ, రాజులందరి ఎదుటా శశిమర్దనుడు ఒక మనిషిని ఆ 'చంద్రుడి వేడి'తో కాల్చి చూపించేవాడు. ఏ రాజ్యం నుంచి మనిషిని పంపాలో అతడే చెప్పేవాడు. నోరెత్తకుండా పంపేవాళ్లు.

ఇక బొమ్మనాచారి సంగతి. సూర్యుడి గుడికి అని ఎవరో చెప్పి చేయించుకుపోయిన తొంభై అద్దాలు ఆయనవి. కొన్నేళ్లకు, శీతగిరి మీద మనిషి కాలేది రాత్రిపూట కాదు, పట్టపగలని విని, ఆ ముసలాయన కొలిమి ఆర్పేశాడు. తర్వాత పనిచేసే గది కిటికీలన్నీ మూసి, ఒక్క కిటికీ బయట ఎండలో పిడికెడంత కొండరాయిని దారంతో వేలాడదీసి, కూతుర్ని పిలిచాడు.

"చీకట్లోంచి చూడమ్మా. ఎలా ఉంది?"

"చంద్రుడిలా మెరుస్తోంది నాన్నా!"

"చెంప పెట్టు మరి."

అద్దాల పనివాళ్లకు ఒక అలవాటుంది. మెరుగు పెట్టడం అయ్యాక అద్దంతో ఎండను పట్టి తమ ఎడమ చెంప మీదికే కొట్టించుకుంటారు. చురుక్కుమంటే మెరుగు కుదిరినట్టు. కన్ను మోసపోతుందిగాని చెంప మోసపోదని వాళ్ల మాట. అందుకే ఆ కులంలో ఆడా మగా అందరికీ ఎడమ చెంప కమిలి ఉంటుంది. సూరాంబ ఆ చెంపే రాతి వెలుతురుకు పెట్టింది. ఏమీ తగల్లేదు.

"వెలుగుంది, వేడి లేదు. ఎవడన్నా పీల్చేశాడంటావా?" అని తండ్రి నవ్వాడు. "చంద్రుడూ ఇంతేనమ్మా. ఆయనకు సొంత నిప్పు లేదు. మన కొండల్లాంటి మసక రాయి. సూర్యుడు పది పాళ్లు ఇస్తే తొమ్మిది మింగి ఒక్కటి తిరిగిస్తాడు. ఆ ఒక్కటీ మన అద్దంలా ఒకవైపు కొట్టడు, ఆకాశమంతా చల్లేస్తాడు. అంత దూరం నుంచి మన చెంపకు చేరేదెంత? ఏట్లో వేసిన చిటికెడు ఉప్పంత. చీకటికి అలవాటుపడ్డ కంటికి అదే గొప్ప వెలుగు. చెంపకు మాత్రం ఆనదు. వాడు కాల్చేది చంద్రుడితో కాదు తల్లీ, నా అద్దాలతో!"

ఆ మాట చెప్పడానికే ఆయన కుందవరం రాజు జయకేతుడి దగ్గరకు వెళ్లాడు. రాజు అందర్నీ బయటకు పంపి ఒంటరిగా విన్నారని ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాడు. ఆ రాత్రే ముసుగు మనుషులు ఆయన్ని ఎత్తుకుపోయారు. నాలుగోనాడు శవం ఊరి వాకిట దొరికింది. రొమ్ము మధ్యన అరచేతంత మేర బొగ్గయిపోయి ఉంది. జయకేతుడు కాలినడకన వచ్చి, కంట తడిపెట్టి, తన భుజం మీది శాలువా తీసి స్వయంగా ఆ శవం మీద కప్పాడు. ఆ శాలువా అంచు పట్టుకునే సూరాంబ ఒట్టు పెట్టుకుంది. తండ్రి రొమ్మును ఏ వెలుగు కాల్చిందో అదే వెలుగుతో శశిమర్దనుడి రొమ్ము కాల్చాలి. కత్తి వద్దు, విషం వద్దు. అదే వెలుగు, అదే అద్దాలు.

అందుకే వచ్చింది.

తొమ్మిది రోజులూ ఆమె చేసిన పని చూసి భటుడే ముచ్చటపడ్డాడు. చింతపండు పులుసుతో చిలుము వదలగొట్టేది, మెత్తటి ఇటుకపొడితో రుద్దేది, ఊకబూడిదతో నిగ్గు తేల్చేది. ఒక్కొక్క అద్దాన్నీ ముసుగు తీసి ఎండకు పట్టి చెంపకు కొట్టించుకునేది. సాయంత్రానికి చెంప బొబ్బలెక్కేది. తండ్రి గీసిన గీతల మీద వేలు పడ్డప్పుడల్లా ఇంకాస్త గట్టిగా రుద్దేది. ఏడ్చేది కాదు. ఏడుపు మూడేళ్ల కిందటే అయిపోయింది.

అద్దాలన్నీ కిందనున్న తెల్లబండ మీదికి వెలుగు కొట్టేట్టు మేకులతో బిగించి ఉన్నాయి. ఆ బండకు మనిషిని కడతారు. బండకు పడమట మూడు మెట్ల మీద శశిమర్దనుడి గద్దె. సూరాంబ ప్రతి అద్దం మేకునూ భటుడు చూడకుండా కొయ్యసుత్తితో బియ్యపు గింజంత పక్కకు కొట్టింది. ఉత్సవం వేళకు సూర్యుడు ఎక్కడుంటాడో చూసుకుని, వెలుగు బండ దాటి సరిగ్గా గద్దె మీద పడేట్టు లెక్క కట్టింది. తొంభై అద్దాలు, తొంభై దెబ్బలు.

ఆ ఏడు బలి కుందవరం వంతు. మనిషి పేరు ఓబులు, డప్పు వాయించేవాడు. తూర్పు గోడ కిందనే ఇనప బోనులో పెట్టారు. చావు ముందుంటే జనం దేవుణ్ణి తలుచుకుంటారు, ఈయన పెట్టే తిండికి వంకలు పెట్టేవాడు.

తొమ్మిదోనాడు భటుడు కునికిపాట్లు పడుతుంటే సూరాంబ గోడ మీదినుంచి వంగింది. "ఓబులన్నా! నేను బొమ్మనాచారి కూతుర్ని."

ఓబులు తల పైకెత్తి మీసం చూశాడు. "కూతురా? మీ నాయన నాకెప్పుడూ చెప్పలేదే, కూతురికి మీసాలున్నాయని!"

"ఎకసెక్కాలకు వేళ కాదు. రేపు నిన్ను బండకు కట్టినప్పుడు కదలొద్దు. గింజుకుని పక్కకు ఒరిగావంటే ప్రమాదం. బండ మీద ఏమీ పడదు. పడాల్సిన చోటే పడుతుంది."

ఓబులు మొహంలో నవ్వు పోయింది. "మీ నాయన మాటంటే మాటే. ఆయన బిడ్డవు గాబట్టి నమ్ముతన్నానమ్మా. నాకు ఇంటికాడ ముగ్గురు పిల్లలు. కదలమన్నా కదలను, ఫో."

అష్టమి వచ్చింది.

ఏడు రాజ్యాల జెండాలతో, పల్లకీలతో, బాకాలతో కొండదారి నిండిపోయింది. ముఖమల్ తివాచీ మీద ఏడు సింహాసనాలు తూర్పు గోడకు వీపు పెట్టి వేశారు. తూర్పున చంద్రుడున్నాడు. వేడి దిగే వేళ అటు తిరిగి చూసినవాడి కళ్లు పేలిపోతాయని శశిమర్దనుడి ఆజ్ఞ. అందుకని రాజులు పదేళ్లుగా వెనక్కి తిరగలేదు. గోడ మీద ఏముందో వాళ్లకు తెలియదు. తిరగనివాడికి ఏం తెలుస్తుంది?

శంఖాలు మోగాయి. శశిమర్దనుడు గద్దె ఎక్కాడు. పులితోలు మీద ముత్యాల అంగీ, తలపై వెండి నెలవంక, మోకాళ్ల దాకా జడలు, మొహానికి ఎర్రటి లక్క తొడుగు. ఆ లక్క మొహం నవ్వు ఒకటే తీరుగా ఉండేది, ఎవరు చచ్చినా. ఓబుల్ని బండకు పగ్గాలతో కట్టారు. ఓబులు కళ్లు మూసుకుని చెట్టు మొద్దులా నిలబడ్డాడు.

గోడ మీద సూరాంబ ముసుగుల తాడు చేత పట్టుకుని ఉంది. వెనక భటుడు కత్తి దూసి ఉన్నాడు. సైగ అందగానే తాడు లాగాలి, లాగగానే తన తల తెగాలి. అంతా వాళ్ల ఏర్పాటు ప్రకారమే జరుగుతోంది. ఇంకా రెండు ఘడియలుంది. ఆ రెండు ఘడియల్లో భటుడి సంగతి చూడవచ్చని బూడిద మూట విప్పి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు పడమటి కొండల వెనక నల్లగా ఏదో లేచింది.

శశిమర్దనుడి లక్క మొహం అటు తిరిగింది. మబ్బు. పెద్ద మబ్బు, సూర్యుడి వైపే వస్తోంది. వెంటనే వెండి కర్ర ఎత్తాడు. "చంద్రుడు తొందరపడుతున్నాడు! ఇప్పుడే!" అని గర్జించాడు.

సూరాంబ పైకి చూసింది. సూర్యుడు ఇంకా జానెడు పైనే ఉన్నాడు. ఇప్పుడు ముసుగులు తీస్తే వెలుగు గద్దె దాకా పోదు. వెనకపట్టున, బండ మీదనే పడుతుంది. కదలొద్దని తానే కట్టేసినట్టు చెప్పిన ఓబులు మీద!

అద్దాల పనివాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పది. మబ్బు పట్టిన రోజు వాళ్లకు పని ఉండదు, చెంప చూసుకోవడానికి ఎండే ఉండదు కదా. చేయి కడుక్కుని ఇంటికి పోతారు. తరతరాలుగా వాళ్ల లెక్కల్లో మబ్బు అనే మాట లేదు. ఎండను దొంగిలించి బతికే దొంగకు మాత్రం మబ్బంటే ప్రాణభయం. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

"లాగరా తాడు!" అన్నాడు భటుడు.

"ఒక్క క్షణం దొరా, ముడి పడింది..."

"నీ మొహం ముడి!" అని భటుడే ఒక్క గుంజు గుంజాడు. తొంభై ముసుగులూ ఒక్కసారి జారిపడ్డాయి.

తెల్లబండ మీద వెలుగు ముద్ద పడింది. పాలరాయి అంత తెల్లగా ఎప్పుడూ లేదు. ఓబులు కాళ్ల దగ్గర ఎండుగడ్డి భగ్గుమంది. ఓబులు పళ్లు కరిచి పట్టుకున్నాడే గాని అంగుళం కదల్లేదు. మాటంటే మాటే అనుకున్నాడు పాపం.

సూరాంబ గుప్పెడు ఊకబూడిద తీసి భటుడి కళ్లలో కొట్టింది. వాడు కుయ్యోమని కత్తి గాల్లో తిప్పాడు. కత్తి మొన తలపాగాను ఎగరగొట్టింది, జుట్టు భుజాల మీద పడింది. వాడి మోకాలి మీద కొయ్యసుత్తితో ఒక్కటిచ్చింది. వాడు దబ్బున కూలాడు. తొంభై మేకులు సవరించే వ్యవధి ఎక్కడిది? కానీ తొంభై అద్దాలూ ఒకే దూలం మీద ఉన్నాయి! దూలం ముందంచు కింద ఒక కొయ్య చీలిక బిగించి ఉంది. దాన్ని లోపలికి దిగ్గొడితే దూలం ముందు లేస్తుంది, అద్దాలన్నీ వెనక్కి వాలతాయి, వెలుగు ముందుకు జరుగుతుంది.

"నాన్నా!" అని మొదటి దెబ్బ కొట్టింది. దూలం కిర్రుమంది. వెలుగు ఓబులు మోచేతి మీదికి పాకింది. పగ్గం పొగలు కక్కింది. ఓబులు కేక ఇప్పుడు కొండంతా వినబడింది.

రెండో దెబ్బకు పగ్గం తెగిపోయింది. ఓబులు మండుతున్న చేత్తో బండ వెనక్కి దూకాడు. "అమ్మ నా తల్లో! ఇదేనా ఏమీ పడదన్నది?" అని అరిచాడు.

మూడో దెబ్బ కొట్టేటప్పుడు సూరాంబ కళ్ల ముందు ఓబులూ లేడు, గోడా లేదు. తండ్రి రొమ్ము మధ్యన అరచేతంత బొగ్గు ఒక్కటే ఉంది. సుత్తి పిడి విరిగింది. దూలం లేచింది. వెలుగు మూడు మెట్లూ ఎక్కేసింది.

శశిమర్దనుడు కళ్లు మూసుకుని, కర్ర తిప్పుతూ, అర్థం లేని మంత్రాలు గొంతు చించుకుని చదువుతున్నాడు. ముందు ముత్యాలు పేలాలు వేగినట్టు చిటపటలాడాయి. పులితోలు చుంయ్‌మంది. లక్క మొహం మీది ఆ మాయని నవ్వు కిందికి సాగింది, గడ్డం మీదుగా బొట్లు బొట్లుగా కారింది. జడలు అంటుకున్నాయి.

"చల్లగా ఉందా!" అని సూరాంబ గోడ మీదినుంచి కేక వేసింది. "వెన్నెలే కదా, చల్లగా ఉందా!"

అతడు గావుకేక పెట్టి మెట్ల మీద దొర్లుకుంటూ కిందపడ్డాడు. ఆ కేక మంత్రం కాదు, మనిషి కేక. పదేళ్లుగా వెనక్కి తిరగని ఏడు తలలూ అప్పుడు తిరిగాయి. కళ్లేమీ పేలలేదు. తూర్పు గోడ మీద నిలువెల్లా మండుతున్నట్టు తొంభై అద్దాలు, వాటి మధ్య జుట్టు విరబోసుకుని బూడిద మొహంతో, సగం చెరిగిన మీసంతో ఒక ఆడపిల్ల కనబడింది. వాళ్లలో వయసులో పెద్దవాడైన హేలాపురి రాజు వీరనంది సింహాసనం మీదినుంచి లేచాడు. "ఎవరమ్మా నువ్వు? ఏమిటివి?"

"కుందవరం కంచరి బొమ్మనాచారి కూతుర్ని, సూరాంబను. ఇవి మా నాన్న చేసిన అద్దాలు. మీరింతకాలం చంద్రుడికి భయపడ్డారు ప్రభూ. అడుగో చంద్రుడు, తిరిగి చూడండి. నా మీదా మీ మీదా ఒకేలా పడుతున్నాడు. ఎవరినన్నా కాల్చాడా? ఆయన కాల్చలేడు. ఆయనది అరువు వెలుగు. మసక రాయి తిరిగిచ్చిన వెలుగు మనదాకా వచ్చేసరికి కంటికి ఆనేంత మిగులుతుందిగాని ఒంటికి ఆనేంత మిగలదు. పున్నమి చంద్రుళ్లు లక్షలకు లక్షలు ఒక్కచోట చేరితే గాని ఒక్క సూర్యుడి వేడి కాదు. వీడు ఏ వేడినీ పీల్చలేదు. పీల్చడానికి అక్కడ లేదు! వీడు కాల్చింది మీ వెనక అద్దాలు పెట్టి, మీ ఎదురుగా ఉన్న సూర్యుడితో!"

గోడ దిగే మెట్ల వైపు పరిగెత్తుతూ దూలం మీదినుంచి ఒక అద్దాన్ని ఊడబీక్కుంది, ఎవరైనా ఈటె విసిరితే అడ్డం పెట్టుకోవడానికి. ఎవరూ విసరలేదు. కోట భటులు తమ దేవుడు లక్క కారుస్తూ పొర్లాడటం చూసి ఆయుధాలు పారేసి గోడలకు అతుక్కుపోయారు. అప్పటికి మబ్బు సూర్యుణ్ణి మింగేసింది. అద్దాలన్నీ ఒక్కసారి మసకబారాయి. వెలుగు పోయింది చూసి శశిమర్దనుడు పాకుతూ పారిపోబోయాడు. రెండు మూరలు పాకాడో లేదో ఓబులు వచ్చి అతడి వీపు మీద ఎక్కి కూర్చున్నాడు.

"కూకో సామీ. నాకూ చెయ్యి కాలింది, నీకూ మొహం కాలింది. ఒకే ఊరోళ్లం అయినాం!"

దగ్గరకొచ్చి ఆ లక్క ఊడిన మొహం చూసేసరికి సూరాంబకు అసహ్యం వేసింది. మశూచి మచ్చలు, బుర్ర మీసం, భయంతో తడి కళ్లు. సంతలో పూసలు అమ్ముకునే మనిషిలా ఉన్నాడు. ఇంత అల్పుడి చేతిలోనా తన తండ్రి పోయింది! విరిగిన సుత్తి పిడిని ఈటెలా పట్టుకుని గొంతు మీద పెట్టింది.

"చంపు" అన్నాడు వాడు రొప్పుతూ. "కానీ మీ నాన్న సంగతి నాకెలా తెలిసిందో అడిగి చంపు. ఆయన అద్దాల గుట్టు ఎవరికి చెప్పాడు? ఊరందరికీ చెప్పాడా?"

సూరాంబ చేయి ఆగింది.

"ఒక్కడికి చెప్పాడు" అన్నాడు వాడు. "ఆ ఒక్కడే ఆ పూటే నాకు మనిషిని పంపాడు. ఈ కంచరిని నీకు అప్పగిస్తాను, బదులుగా మూడేళ్లు నా రాజ్యం నుంచి బలి అడగొద్దు అని. అడగలేదు. గడువు మొన్నటితో తీరింది."

సూరాంబ తల తిప్పి జయకేతుడి వైపు చూసింది. చెవుల్లో తండ్రి గొంతు వినబడింది, గడపలో నిలబడి చెప్పులు విప్పుతూ, ఎంత సంతోషంగా చెప్పాడో! అందర్నీ పంపేశారమ్మా, ఒంటరిగా విన్నారు.

"నిజమే" అన్నాడు వీరనంది మెల్లగా. "మూడేళ్లుగా కుందవరం వంతు రాలేదు. ఆ మూడేళ్లలో నా వాళ్లే ఇద్దరు పోయారు. రెండోవాడు నా తమ్ముడి కొడుకు."

జయకేతుడు నవ్వాడు. చక్కటి మనిషి, చక్కటి నవ్వు. "మాయగాడి మాట పట్టుకుని నన్ను అనుమానిస్తారా, మామా? అమ్మా సూరాంబా, నీకైనా తెలియదా? మీ నాన్న ఒంటి మీద శాలువా కప్పిన చేతులివి. ఆ రోజు నీతో పాటు ఏడ్చాను. ఆ దొంగను చంపెయ్యి తల్లీ, నీ పగ తీరుతుంది. కుందవరం చేరగానే నిన్ను ఏనుగు మీద ఊరేగిస్తాను."

ఎంత తీయగా అన్నాడో! గడియ కిందటైతే సూరాంబ ఆ మాటకు కాళ్ల మీద పడేది. ఇప్పుడు ఆమెకు శాలువా గుర్తొచ్చింది. ఆ కాలిన చోటును అంత తొందరగా ఎందుకు కప్పాడో ఇప్పుడు అర్థమైంది.

మబ్బులో ఎక్కడో చిన్న చీలిక పడింది. సన్నటి ఎండ మంటపంలోకి దిగింది. సూరాంబ సుత్తి పిడి వదిలేసి, చేతిలోని అద్దం ఎత్తి ఆ ఎండను పట్టింది. తివాచీ మీద అరచేతంత వెలుగు పడింది.

ఒక్క అద్దం వెలుగది. చలికాలం పొద్దుటి ఎండంత వెచ్చన, అంతకు మించి చీమను కూడా కాల్చలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, రాజులకు తెలియదు. వాళ్లు ఇప్పుడే ఒక మనిషి మొహం కరిగిపోవడం చూశారు.

వెలుగు తివాచీ మీద మెల్లగా పాకింది. ముందు వీరనంది పాదాల మీదికి ఎక్కింది. ముసలాయన ఒకసారి ఒణికాడు, ఆమె మొహం వైపు చూశాడు, కాలు కదపలేదు. వెలుగు ఆయన్ని దాటింది. పక్క సింహాసనం దగ్గరకు వచ్చింది. జయకేతుడి బంగారు చెప్పు మొనను తాకింది.

జయకేతుడు చెప్పు వదిలేసి కాలు సింహాసనం మీదికి లాక్కున్నాడు.

తప్పు లేని ముసలాయన కాలు కదల్లేదు, ఇతడిది కదిలింది. తివాచీ మీద ఆ ఒంటి చెప్పు మెరుస్తూ ఉంది. ఆరుగురు రాజులూ దాన్నే చూస్తున్నారు. జయకేతుడు కూడా చూశాడు, తాను చేసిన పని అప్పుడు తెలిసింది, మొహం నల్లబడింది.

"కొట్టండి దాన్ని!" అని వెనకనున్న తన విలుకాళ్ల మీద అరిచాడు. "ఏం చూస్తున్నారు? కొట్టండి!"

నలుగురు విలుకాళ్లు. కుందవరం వాళ్లే, బొమ్మనాచారిని ఎరిగినవాళ్లే. ముగ్గురు చెప్పు వైపు చూసి విల్లు దించారు. నాలుగోవాడు నారి చెవిదాకా లాగాడు. సూరాంబ వాణ్ణి చూసింది. చూసి కూడా అద్దం అడ్డం పెట్టుకోలేదు. వెలుగును జయకేతుడి పాదం నుంచి మోకాలికి, మోకాలి నుంచి రొమ్ము మీదికి జరిపి, సరిగ్గా మధ్యన, తండ్రి రొమ్ము అరచేతంత మేర బొగ్గయిన చోటే, నిలబెట్టింది.